ఎడం చక్రంలో గలగల

చక్రం ఊరికే ఏడవదు. హూ... అని ఒకే తీరుగా మూలిగితే బేరింగు అరిగిందని అర్థం. స్టీరింగు చేతిలో వణికితే రిమ్ము వంకర పోయినట్టు. టైరు ఒక పక్కే అరిగిపోతుంటే చక్రాల వరస తప్పినట్టు. బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటే చక్రం వెనకుండే డ్రమ్ము సంగతి చూడాలి. టక్... టక్... మని ఎవరో నడిచినట్టు వినబడితే మాత్రం బండి అక్కడికక్కడే ఆపెయ్యాలి. నట్టు వదులైందన్నమాట. పూర్ణా మార్కెట్ వెనక సందులో ముప్ఫై ఏళ్ళుగా ఈ చప్పుళ్ళు వింటూనే బతుకుతున్నాను. ఇంజను జోలికి పోను. ఇంజను పనని ఎవరైనా వస్తే పక్క షెడ్డుకి పంపేస్తాను. ఊళ్ళో నన్ను చక్రాల నజీరు అంటారు. నా పూర్తి పేరు నజీర్ అహ్మద్ అని పోస్ట్‌మేన్‌కి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

గలగల అనే చప్పుడు మాత్రం నా లెక్కలో ఎప్పుడూ లేదు.

ఎనభై నాలుగు నవంబరు. రెండు రోజులుగా ముసురు పట్టి వదలటం లేదు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మీగడ రంగు చిన్న కారొకటి బురద చిమ్ముకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగినాయనకి ముప్ఫై ఏళ్ళుంటాయి. పేరు కామరాజట. గోదావరి జిల్లా వాడు, స్టీలు ప్లాంటులో ఉద్యోగం, సీతమ్మధారలో అద్దెకుంటున్నాడు.

"మిమ్మల్నే నమ్ముకుని వచ్చానండి మేస్త్రీ," అన్నాడు.

"ఏటైంది బాబూ?"

"ముందు ఎడం చక్రం గలగలమంటందండి. నెల్రోజులైంది. ఒకాయన బేరింగులు మార్చి నూట ఎనభై పుచ్చుకున్నాడు. ఇంకొకాయన డ్రమ్ము లేతు పట్టించాలని తొంభై. మూడో ఆయన అసలు రిమ్మే పోయిందని కొత్త రిమ్మేసి రెండొందల అరవై లాగాడు. డబ్బులైతే పోయాయి గానీ గలగల పోలేదండి బాబూ!"

నాకు నవ్వొచ్చింది. బేరింగు పోతే గలగలమనదు. ఆ సంగతి తెలియని వాడు స్పానర్ పట్టుకోకూడదు.

"ఇంకో సంగతండి," అంటూ గొంతు తగ్గించాడు. "నేనొక్కణ్ణీ నడిపితే కిక్కురుమనదు. మా ఆవిడ ఎక్కితేనే."

ముందు సీట్లో, ఎడం పక్క, వాళ్ళావిడ కూర్చుని ఉంది. పద్మావతి. ఏడో నెల. ఆ పొద్దున్నే సీమంతం అయిందట. రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు, బుగ్గ మీద ఇంకా పసుపు ఆరలేదు.

"అమ్మా, ఏటనుకోకు. నీ సేతి గాజులేనేమో," అన్నాను.

"అందరూ అదే మాటండి! ఇవి ఇవాళ పొద్దున్న తొడిగిన గాజులు. చప్పుడేమో నెల్రోజులది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నా వినబడుద్ది. కావాలంటే మీరే రండి," అంది ఆ పిల్ల. మొగుడికంటే గట్టిది.

తెల్లారితే ఆమెని పుట్టింటికి దింపాలట. రామచంద్రపురం. నూట ఎనభై కిలోమీటర్లు. డాక్టరమ్మ బస్సు వద్దంది, రైల్లో చోటు దొరకలేదు. చక్రం సంగతి ఇవాళే తేలాలి. కడుపుతో ఉన్న పిల్ల, వాన రోడ్డు, జబ్బేమిటో తెలియని చక్రం...

నేనే స్టీరింగు పట్టుకున్నాను. పద్మావతి పక్కన, కామరాజు వెనక. కురుపాం మార్కెట్ దాకా వెళ్ళి తిప్పుకొచ్చాను. ఆ పిల్ల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది.

గల్... గల్... గల్...

ఇనుము చప్పుడు కాదది. చక్రం తిరిగినంత సేపూ, కింద, ఎడం పక్క. ఎవరో గాజుల చెయ్యి గుండ్రంగా తిప్పుతున్నట్టు. నా నవ్వు పోయింది.

షెడ్డు వెనకే మా ఇల్లు. నా భార్య ఆమినాబీ పద్మావతిని లోపలికి తీసుకెళ్ళింది. మా అమ్మాయి షహజాది కూడా పురిటికని వచ్చి ఉంది, దానికప్పుడు ఐదో నెల. ఇద్దరు చూలింతలూ ఒక మంచం మీద కూర్చుని కబుర్లలో పడ్డారు. ఆ గాజులు చూసి మా పిల్ల "ఇంకో రెండు నెలల్లో నాకూ!" అని మురిసిపోవడం నాకు షెడ్డులోకి వినబడుతూనే ఉంది. కామరాజు ప్రయాణానికి పళ్ళు కొనాలని మార్కెట్లోకి వెళ్ళాడు.

జాకీ పెట్టాను. నాలుగు నట్లూ విప్పాను. చక్రం లాగి పక్కన పడేశాను.

డ్రమ్ము మొహం మీద ఆకుపచ్చ గాజు ముక్కలు... నాలుగైదు... చింతగింజంత. వాటి మీద బంగారు చుక్కలు.

డ్రమ్ము అంచు గోనెగుడ్డతో తుడిచాను. అక్కడ చిన్న చుక్క. నేను పని చేసిన ప్రతి డ్రమ్ము మీదా గుర్తుకి సుత్తితో కొట్టుకునే చుక్క అది. రంగు మార్చారు గానీ, ఈ కారు నాకు తెలుసు. అప్పట్లో నల్లగా ఉండేది.

ఇక చెప్పక తప్పదు. అప్పటికి ఏడేళ్ళుగా ఆమినాబీకి కూడా చెప్పలేదు.

డెబ్భై ఏడులో ఈ కారు ఒన్‌టౌన్ బట్టల వ్యాపారి మొహియుద్దీన్‌ది. ఒక సాయంత్రం చక్రాలకి గ్రీజు పెట్టించుకోవడానికి వచ్చాడు. ముందు సీట్లో అతని భార్య జమాలున్నీసా. ఏడో నెల. మాలోనూ ఏడో నెలలో వేడుక చేస్తాం, గాజులు తొడుగుతాం. అది అయ్యాక చల్లగాలికి సముద్రం వైపు వెళ్తున్నారు. ఆకుపచ్చ గాజులు, బంగారు చుక్కలు. తలుపు తెరుచుకుని, చెయ్యి తలుపు అంచు మీద పెట్టుకుని నా పని చూస్తోంది. నేను చక్రం ఎత్తుకు రావడానికి అటు తిరిగాను.

"భాయ్, చూడీ గిర్ గయీ," అంది.

మా ఇంటి మాటల్లో చూడీ అంటే గాజు. గాజు పడిపోయిందని ఆమె చెప్పింది. కానీ మా పనిలో చూడీ అంటే వేరే. బోల్టు మీద చుట్లు చుట్లుగా ఉండే మరని చూడీ అంటాం. ఆ మర అరిగిపోతే "చూడీ మర్ గయీ" అంటాం, చచ్చిపోయిందని. నాకు ఆ మాటే వినబడింది. నాకు కోపం వచ్చింది. చక్రాల నజీరుకి ఒక ఆడమనిషి, అదీ కారులో కూర్చుని, నీ బోల్టు మర పోయిందని చెప్పడమా!

"నై మరీ, బీబీ. నా సేతిలో అది సావదు," అన్నాను, వెనక్కి తిరిగి కూడా చూడకుండా.

ఆమె ఇంకోసారి అంది. నేను చక్రం ఎక్కించేశాను. ఆమె గాజు చిట్లి, డ్రమ్ము గ్రీజుకి అంటుకున్న ముక్కల మీదే. నట్లు బిగుతుగానే పట్టాయి. ఎందుకు పట్టవు? రోడ్డు మీద ఆ గాజు నలిగి పొడి అయ్యేదాకా అలాగే ఉంటాయి. ఆ తర్వాత వదులైపోతాయి.

జాలరిపేట వైపు దిగుడులో చక్రం ఊడిపోయింది. కారు రాతి గోడని గుద్దింది. మొహియుద్దీన్ బతికాడు. ఆమె బతకలేదు. కడుపులో బిడ్డా బతకలేదు. నేను పరుగెత్తుకెళ్ళాను. డ్రమ్ము మీద ఆకుపచ్చ పొడి కనబడింది. చుట్టూ జనం ఆమెని చూస్తున్నారు, నేను డ్రమ్ముని చూస్తున్నాను. ఎవరూ చూడకుండా అరచేత్తో తుడిచేశాను. "నజీర్ భాయ్, మన రాత ఇంతే," అంటూ మొహియుద్దీన్ నా భుజం మీద పడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నోరు మాత్రం తెరవలేదు. సిగ్గులేని పని చేశాను.

అదంతా తలుచుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ముక్కలన్నీ ఏరి గ్రీజు డబ్బా మూతలో వేశాను. డ్రమ్ముని కిరోసిన్‌తో కడిగాను. చక్రం లోపలి పక్క కడిగాను. పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, వేళ్ళతో తడిమి, చక్రం ఎక్కించి బిగించాను. చేత్తో తిప్పి చూశాను.

గల్...

మళ్ళీ విప్పాను. అవే ముక్కలు. అదే చోట. మూతలో వేసిన ముక్కలు మూతలోనే ఉన్నాయి.

ఆరు కొట్టేసరికి కరెంటు పోయింది. లాంతరు వెలిగించాను. రేకుల మీద వాన. గ్రీజు వాసన, తడిసిన గోనెల వాసన, మార్కెట్లోంచి కుళ్ళిన క్యాబేజీ వాసన. ఇవన్నీ నాకు అలవాటైనవే. ఇంతలో ఇంకో వాసన వచ్చింది. తడి గోరింటాకు. అప్పుడే కడిగిన చేతిది.

మూడోసారి కడిగాను. ఇంట్లోంచి పద్మావతి నవ్వు వినబడుతోంది, అంటే ఆమె లోపలే ఉంది. కారు ఖాళీ.

ముందు సీటు స్ప్రింగు కిర్రుమంది.

ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు...

నేను తలెత్తలేదు. తలుపు తెరిచి ఉంది. లాంతరు వెలుగు సీటు అంచు దాకానే పోతోంది. ఆ పైన చీకటి. నా చెవికి జానెడు దూరంలో... తలుపు అంచు మీద... గాజులు ఆనిన చప్పుడు.

"భాయ్..."

వాన ఆగిపోయిందో, నా చెవులే మూసుకుపోయాయో.

"భాయ్... చూడీ గిర్ గయీ..."

చక్రం లేని డ్రమ్ము... నేను ముట్టుకోని డ్రమ్ము... మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. నేను కొట్టిన చుక్క పైకి వచ్చింది. కిందికి పోయింది. మళ్ళీ పైకి వచ్చి, ఆగింది.

పారిపోదామనుకున్నాను, అబద్ధం ఎందుకు? కానీ తెల్లారితే ఆ సీట్లో పద్మావతి కూర్చుంటుంది. నేను పారిపోతే ఏమవుతుందో ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు.

"ఇన్నాను బీబీ," అన్నాను. "అప్పుడు తప్పు ఇన్నాను. తుడిసేసింది కూడా నానే. తప్పంతా నాదే. ఈ పిల్లకేటి తెలీదు. ఈ పిల్లని ఒగ్గెయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఏదున్నా నాతో తేల్సుకో. నా ఇంటికొచ్చి అడుగు..."

మాట వచ్చేసింది. అప్పుడు నాకు అందులో ఏమీ తప్పు తోచలేదు.

తర్వాత సీటు స్ప్రింగు మళ్ళీ కిర్రుమంది. ఎవరో దిగినట్టు. గోరింటాకు వాసన నా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో నేను చూడలేదు.

డ్రమ్ము మీద ఒక్క ముక్క లేదు. అరచెయ్యి పెట్టి గట్టిగా రాశాను. నునుపుగా ఉంది. చక్రం ఎక్కించి, నాలుగు నట్లూ ఎదురెదురుగా బిగించాను. తిప్పితే చప్పుడు లేదు.

కామరాజు పళ్ళ సంచీతో వచ్చాడు. "ఎంతివ్వమంటారు మేస్త్రీ?"

"ఏటీ వొద్దు బాబూ. నాలుగు రోజులాగి ఎల్లకూడదా?"

"అదేంటండీ! చక్రం బాగైందంటారు, వెళ్ళద్దంటారు. ఏదో ఒకటి చెప్పండి."

ఏం చెప్పను? దెయ్యం మాట్లాడిందని చెప్తే నాలుగో గ్యారేజీ కూడా తనని మోసం చేసిందనుకుంటాడు. నా స్పానర్ తీసి అతని చేతిలో పెట్టాను. "దారిలో అమ్మ ఏటన్నా సరే, ఎంత సిన్న మాటైనా సరే, బండాపి దిగు. ఈ సక్రం సూడు. నా మీద ఒట్టు."

అతను నన్ను వింతగా చూశాడు. స్పానర్ మాత్రం తీసుకున్నాడు.

నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. ఐదో రోజు పొద్దున్న ఆ కారు వచ్చి ఆగింది. కామరాజు ఒక్కడే దిగాడు. నా ప్రాణం పోయినంత పనైంది.

"క్షేమంగా దింపానండి," అన్నాడు. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అన్నవరం దగ్గరండి. ఆవిడ నిద్రపోతంది. నిద్రలోనే 'చూడీ, చూడీ' అని ఒకటే కేక. వెనకాల ఇంకేదో అంది, నాకు అర్థం కాలేదు. చూడు, చూడు అంటోంది కదా అని, మీరన్న మాట గుర్తొచ్చి ఆపేశానండి. దిగి చూద్దును కదా... మూడు నట్లు వేళ్ళతోనే ఊడొచ్చేశాయండి బాబూ! ఇంకో ఫర్లాంగు పోతే ఏటి మీద వంతెన. లోపలేమో పచ్చ గాజు ముక్కలు. అన్నీ తుడిచి మీ స్పానర్‌తోనే బిగించాను. ఇంక గలగల లేదు."

"అమ్మేటంది?"

"నేనేం అనలేదు, నీకే కలొచ్చింది అంటందండి. పోన్లెండి, బతికిపోయాం."

అతనికి ఉర్దూ రాదు. ఆ పిల్లకీ రాదు. ఉర్దూ వచ్చిన నేను ఆ మాటని తప్పు విని ఒక తల్లిని చంపాను. రాని అతను తప్పు విని ఇద్దర్ని బతికించుకున్నాడు. స్పానర్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమినాబీకి మొత్తం చెప్పేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె అంతా విని, "షహజాది అబ్బా, 'నా ఇంటికొచ్చి అడుగు' అన్నారా?" అని అడిగింది. నేను లోపల మంచం మీదున్న షహజాది వైపు చూశాను.

ఇప్పుడు జనవరి. మొన్న కామరాజు వచ్చి పూతరేకులు ఇచ్చి వెళ్ళాడు. నెల ముందే ఆడపిల్ల పుట్టిందట, తల్లీ బిడ్డా బాగున్నారట. చక్రానికి ఆ తర్వాత పైసా ఖర్చు లేదట.

మా షహజాదికి ఏడో నెల వచ్చింది. శుక్రవారం వేడుక చెయ్యాలి. నేను వద్దన్నాను. గాజన్నది ఈ గడపలోకి రావడానికి వీల్లేదన్నాను. పిల్ల అలిగింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా పట్టు వదల్లేదు. దాని చేతులకున్న పాత గాజులు కూడా ఆమినాబీ ఒక్కొక్కటే తీసి మూటకట్టి తన అక్క ఇంట్లో పెట్టి వచ్చింది. బండెక్కనివ్వడం లేదు. రిక్షా ఎక్కనివ్వడం లేదు. చక్రం ఉన్నది ఏదీ దాని దగ్గరికి రానివ్వడం లేదు.

ఇవాళ పట్టపగలు, రెండు గంటలప్పుడు, షెడ్డులో ఒక రిమ్ము మీద సుత్తి వేస్తున్నాను. వెనక ఇంట్లోంచి మా పిల్ల నన్ను పిలిచినట్టు వినబడింది.

"అబ్బా... చూడీ గిర్ గయీ..."

సుత్తి చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచిపోయి పరిగెత్తాను. షహజాది మంచం మీద పడుకుని ఉంది. నిద్రపోతోంది. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. గదంతా గోరింటాకు వాసన. ఆమినాబీ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె కూడా విందన్నమాట.

మోకాళ్ళ మీద కూలబడి మంచం కింద చూశాను. మంచం కోళ్ళు తడిమాను. నేల తడిమాను. ఎక్కడా ఏ ముక్కా లేదు. అక్కడైతే చక్రం ఉంది, నట్టు ఉంది, బిగించాను. ఇక్కడ ఏది వదులైందో, ఏది బిగించాలో నాకు తెలీదు. యా అల్లా, నాకు చక్రాలు తప్ప ఇంకేమీ తెలీదు!

పిల్ల పెదవులు మళ్ళీ కదిలాయి. చెవి దాని నోటి దగ్గర పెట్టాను. ఈసారి సరిగ్గా వినాలి. ఒక్క అక్షరం కూడా పోకూడదు. ఊపిరి బిగబట్టాను.

"అబ్బా... చూడీ..."

ఆ తర్వాత ఇంకో మాట అంది. గిర్ గయీ అందో... మర్ గయీ అందో... గంటైంది, ఇక్కడే కూర్చుని ఉన్నాను. నాకు సరిగ్గా వినబడలేదు.